చేతులు కట్టుకుని కూర్చోవడం నేర్పిన సులోచనక్క

నిన్న పొద్దున లలిత ఫోన్ చేసి, సులోచనక్క పోయిందని చెప్పింది.

"ఏ సులోచనక్క?" అని అడిగాను.

మాకు ఉన్నది ఒక్కతే సులోచనక్క. తెలిసే అడిగాను. ఇంకెవరైనా అయితే బాగుండునని.

అక్క బోధన్‌లో కూతురి దగ్గర ఉండేది. కుర్చీలో కూర్చుని తల దువ్వుకుంటోందట. కూతురు చాయ్ పట్టుకొచ్చేసరికి దువ్వెన కింద పడి ఉందట.

ఈ గ్రూపులో చాలామందికి అక్క తెలియదు. అందుకే రాస్తున్నాను.

ఎనభైల చివర్లో నిజామాబాద్ టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో మేం ట్రంక్ ఆపరేటర్లం. అక్క మా సూపర్‌వైజర్. వేరే ఊరికి ఫోన్ చేయాలంటే అప్పట్లో మా దగ్గర కాల్ బుక్ చేసుకోవాలి. మేం హెడ్‌సెట్లు పెట్టుకుని బోర్డు ముందు వరసగా కూర్చుని, ఇక్కడి తీగ తీసి అక్కడ గుచ్చి లైన్లు కలిపేవాళ్లం.

చెరకు సీజన్‌లో బోధన్ చక్కెర వ్యాపారుల కాల్స్‌తో బోర్డంతా లైట్లే. ఒకరిది తెలుగు, ఒకరిది ఉర్దూ, ఒకరిది మరాఠీ. అందరిదీ అర్జెంటే.

అక్క ఎవరి మీదా గొంతు పెంచేది కాదు. కొత్తవాళ్ల వెనక స్టూల్ వేసుకుని కూర్చునేది, అంతే. ఈమె నేర్పుతోందా, కునుకు తీస్తోందా అని నేనే జోకులేసేదాన్ని.

తర్వాత నాకు ప్రమోషన్ వచ్చి ఒక చిన్న టీమ్ ఇచ్చారు. ఇప్పుడు కోచింగ్ స్టైల్ అని ఆఫీసుల్లో వర్క్‌షాప్‌లు పెడుతున్నారు కదా. నాకు అప్పుడే నా స్టైల్ మీద మహా నమ్మకం. అక్కలా ఊరికే కూర్చునే రకం కాదు, నేను హెల్ప్ చేసే లీడర్‌ని.

నిన్న ఫోన్ చేసిన లలిత ఆ టీమ్‌లోకే వచ్చింది. ప్రొబేషన్‌లో ఉన్న పిల్ల. తండ్రి లేడు, తల్లి బోధన్ దగ్గర చెరకు కొట్టడానికి వెళ్లేది. ఆ ఇంటికి ఈ ఉద్యోగం తప్ప వేరే దారి లేదు.

లైట్ వెలిగితే ఏ తీగ ఎక్కడ గుచ్చాలో లలిత వెతుక్కునేది. నేను వెంటనే "ఆగు, నేను చేస్తా" అని ఆమె చేతిలోంచి తీగ తీసుకుని లైన్ కలిపేసేదాన్ని.

రెండు నెలలు ఇదే వరస. చివరికి లైట్ వెలగ్గానే బోర్డు కాకుండా నా మొహం చూడటం మొదలుపెట్టింది.

నాకు విసుగొచ్చింది. రిపోర్టులో పనికి రాదని రాసి అక్క టేబుల్ మీద పెట్టాను. అది పైకి వెళ్తే ఉద్యోగం పోయినట్టే.

అక్క చదివి సొరుగులో పెట్టుకుంది.

మర్నాడు పొద్దున నన్ను బోర్డు ముందు కూర్చోమని, పక్కన తను కూర్చుంది. లైట్ వెలిగింది. నేను తీగ పట్టుకున్నానో లేదో, అక్క దాన్ని నా చేతిలోంచి తీసుకుంది. "ఆగు, నేను చేస్త" అంది.

ఇంకో లైట్. మళ్లీ అంతే. నేను హలో అనేలోపే అక్క మాట్లాడేసేది.

ఆరేళ్ల సర్వీసు నాది. మధ్యాహ్నం అయ్యేసరికి నందిపేట్ లైన్ బోర్డు మీద ఎక్కడుందో మర్చిపోయాను. దిక్కుతోచక అక్క మొహం చూశాను.

చూశాక గానీ నేనేం చేస్తున్నానో అర్థం కాలేదు. ఒళ్లు మండిపోయింది. అందరి ముందు పరువు తీయడం ఏమిటని అడిగేశాను.

"నీకు ఒక్క పూట చేసిన. ఆ పిల్లకు నువ్వు రెండు నెలల సంది చేస్తున్నవ్" అంది అక్క.

రిపోర్టు నా చేతికే తిరిగి ఇచ్చి, మూడు రోజులు ఆగి తెమ్మంది. అప్పటిదాకా లలిత కాల్స్ నేను వినొచ్చు. మాట్లాడకూడదు, చెయ్యి పెట్టకూడదు.

అబ్బో, ఆ మూడు రోజులు. నిజంగానే చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను.

మొదటి రోజు లలిత రెండు కాల్స్ పోగొట్టింది. నేను పళ్లు కొరుక్కున్నాను.

రెండో రోజు బోధన్ నుంచి ఒక వ్యాపారి, నాందేడ్ లైన్ కావాలని మరాఠీలో కేకలు. లలిత నా వైపు చూసింది. నేను నేల చూశాను.

ఇక బోర్డు వైపే తిరిగింది.

తర్వాత లలిత మాట్లాడింది. మరాఠీలో. నెమ్మదిగా, మర్యాదగా. అవతలి గొంతు దిగింది, లైన్ కలిసింది.

చెరకు కొట్టడానికి మహారాష్ట్ర నుంచి వచ్చేవాళ్ల మధ్యే పెరిగిందట. రెండు నెలలు పక్కన కూర్చుని నాకు ఆ సంగతే తెలియదు. ఆమెను నేనెప్పుడు మాట్లాడనిచ్చాను గనక?

ఆ రిపోర్టు చింపేసి కొత్తది రాశాను. లలిత పూర్తి సర్వీసు చేసి రిటైరైంది.

అక్క రిటైరైన రోజు, దండలూ ఫొటోలూ అయ్యాక పక్కకు తీసుకెళ్లి అడిగాను. నా జబ్బు నీకు అంత బాగా ఎలా తెలిసిందక్కా అని.

"అది నా జబ్బే. నీకంటె ముందు నేనే గట్ల చేసిన. ఒక పిల్లను పనికి రాదని రాసి ఇంటికి పంపిన. మంచిగనే నేర్పిన్నని అనుకున్న."

పేరు గుర్తుందా అన్నాను.

"శకుంతల" అంది. క్షణం కూడా ఆలోచించలేదు.

తర్వాత చాలా వెతికిందట, దొరకలేదట. ప్రతి ఆదివారం చర్చిలో ఆమె కోసం ప్రార్థన చేసుకుంటానని చెప్పింది.

అక్కది పుట్టుకతో వచ్చిన ఓపిక అనుకునేదాన్ని. ఎవరి ఉద్యోగం పోతే వచ్చిందో ఆ రోజు తెలిసింది. ఇంటికి వెళ్లి ఏడ్చాను.

నాకు చర్చి అలవాటు లేదు. ఇంట్లో దీపం పెట్టేటప్పుడు శకుంతల పేరు నేను తలుచుకుంటాను.

ఆ ప్రార్థన నాకు వదిలెయ్ అక్కా. నువ్వు ఇగ నిమ్మళంగ పండుకో.