మిరపకాయల కింద ఆరేసిన గుడ్డలు

మా కాలంలో, గట్టు పక్కన మా ఊళ్ళో, ఆడపిల్లకు అన్నీ నేర్పేవారు బిడ్డలారా: జొన్నలు దంచడం, ఎడ్లకు మేత వేయడం, పెద్దల ముందు గొంతు లేపకపోవడం. నెలనెలా బయట కూర్చునే మూడు రోజుల సంగతి మాత్రం ఒక్క మాటలో ముగించేవారు: "గుడ్డ మొగోళ్ళ కంట పడొద్దు." ఆ ఒక్క పాఠంలో నన్ను మించినవాళ్ళు లేరు (మిగతా పాఠాల సంగతి అడగకండి). ఉతికిన గుడ్డలను పశువుల కొట్టంలో, గడ్డి చాటున, తడితడిగానే కుక్కేదాన్ని. పదిహేనో ఏట దురద, మంట మొదలయ్యాయి. అమ్మ లేదు. అవ్వతో చెప్పడానికి నోరు రాదు. ఏదో పాపం చేశానని, పాడురోగం తగులుకుందని, ఇక బతకనని తేల్చుకున్నాను. నా వెండి కడియాలు ఎవరికి పోవాలో కూడా నిర్ణయించాను (చిన్నాయన కూతురికి మాత్రం కాదు).

అప్పుడే మా వదిన కాన్పుకు గద్వాల నుంచి ఒక మంత్రసాని వచ్చి మా ఇంట్లో ఉంది. అందరూ ఆమెను ఖాలా, అంటే పిన్ని, అనేవాళ్ళం. ఆమె వదినకు చెబుతుంటే తలుపు చాటు నుంచి విన్నాను. "జర విను బేటీ. గుడ్డ ఉడకబెట్టు, మంచిగ ఎండల ఆరెయ్యి. తడిగుడ్డ కట్టుకుంటె దురదలొస్తయి, పుండ్లయితయి. గది పాపం గాదు, మురికి."

పాపం కాదనగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. కానీ ఎండలో వేస్తే నాయిన చూడడా? అవి మిరపకాయలు ఎండే రోజులు, మిద్దె నిండా ఎర్రగా చాపలు. గుడ్డలు ఉడకబెట్టి చాప మీద పరిచి, పైన మిరపకాయలు కప్పేశాను. ఎండకు ఎండ, మరుగుకు మరుగు! సాయంత్రం దులిపి మడిచి, నా తెలివికి నేనే మురిసిపోయాను.

తరువాతి నెలలో నేను పెట్టిన కేకకు కొట్టంలో ఎడ్లు లేచి నిలబడ్డాయి. అవ్వ పరుగెత్తుకొచ్చింది.

"ఏమైందే? తేలు కుట్టిందా?"

"తేలు గాదవ్వ... మిరపకాయలు!"

"యాడనే?"

ఎక్కడని చెప్పను? ఏడుస్తూ మొత్తం కక్కేశాను. వదిన కోసం ఇంకా మా ఇంట్లోనే ఉన్న ఖాలా చన్నీళ్ళు తెప్పించి కడిగిస్తూనే, కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "ఎండకేసుడు మంచిదే బేటీ. మిరపకాయలు నేను చెప్పలే గద! దురద తగ్గకుంటె సిగ్గుపడకు, దవాఖానకు పోదాం."

అవ్వ మాత్రం నవ్వలేదు. ఖాలా లోపలికి పోయాక మెల్లగా అడిగింది.

"గా దురద గుడ్డతోటే వస్తదా బిడ్డా?"

"అవునంటనే అవ్వ."

"నాకెవ్వరు చెప్పకపాయె. నీ లెక్కనే పాపమనుకొని నోరు మూసుకున్న. ఎన్నేండ్లో."

మరునాడు పొద్దున్నే అవ్వ మిద్దె నడిమధ్యలో తాడు కట్టి, నా గుడ్డలు ఆరేసింది. కింద నుంచి నాయిన కంగారుపడ్డాడు. "ఏందమ్మ గిది? ఊరంత చూస్తరు!"

"చూడనీ. గివి లేకుంట నువ్వు యాడికెల్లి వస్తివిరా?"

నాయిన మూడు రోజులు మిద్దెక్కలేదు. నా దురద పోయింది. కడియాలు నా చేతికే ఉండిపోయాయి.

మీరు దూరాన ఉన్నారు, నన్ను అడగడానికి సిగ్గుపడతారేమోనని ఇదంతా చెప్పాను. నేనైతే ఇప్పటికీ ఎక్కడ మిరపకాయలు ఆరబోసి కనబడినా, చాప అంచు ఎత్తి కిందకు చూస్తాను. ఏమీ ఉండదు. అయినా ఎవరైనా పిల్ల దాచిపెట్టిందేమోనని ఒకసారి చూస్తేగానీ నాకు కాళ్ళు కదలవు.