పియానో కింద అత్త కొంగు

నా చిన్నప్పుడు మా ఊరి చర్చిలో ఒక పాత పియానో ఉండేది. దొరల కాలం నాటిదది. గిద్దలూరు చుట్టుపక్కల ఇంకే చర్చిలోనూ అలాంటిది లేదని మాకు మహా గొప్ప. దాన్ని వాయించడం మా మేనత్త ఒక్కదానికే వచ్చు. వేళ్లతో నొక్కే మెట్ల మీంచి చేతులు తీశాక కూడా ఆ స్వరం గోడల మధ్య నిలిచి మోగేది. కూలిపనికి పోయి అలసిన ఆడవాళ్లు ఆ మోతకు ఆనుకుని పాడేవాళ్లు.

ఒక ఎండాకాలం కాలితో తొక్కే పెడలు విరిగింది. బాగుచేసే దిక్కులేక సంఘం పెద్దలు పియానోను హైదరాబాదులో ఎవరికో ఇచ్చేశారు. లారీ వచ్చింది. అత్త ఎవరినో బతిమాలి టేపురికార్డరు తెచ్చి, పోయేలోగా ఒక్క పాటన్నా పట్టుకుంటానంది. డ్రైవరుకేమో దోర్నాల భయం. చీకటి పడితే హైదరాబాదు దారిలో అక్కడి అడవి గేటు మూసేస్తారు. సరే, ఒక్క పాటకు ఆగుతానన్నాడు.

పెడలు లేకపోతే స్వరం నిలవదు. పెడలు కదిపే లోపలి కడ్డీని ఎత్తి పట్టడానికి పగిలిన పలకలు దొంతరగా పెట్టి చూశారు. మార్కాపురం దగ్గర పలకలకేం కరువు! కానీ స్వరాలన్నీ ఒకదానిమీద ఒకటి పడి ఒకటే గోల. ఎత్తుతూ దించుతూ ఉండే చెయ్యి కావాలి. పియానో కింద ఆ సందులో పట్టేది నేనొక్కదాన్నే.

అత్త మోకాళ్ల పక్కన ముడుచుకుని కూర్చున్నాను. మేకల గంటలు వినపడకుండా తలుపులన్నీ మూశారు. నా చప్పుడు టేపులో పడకుండా అత్త నా మీదికి బొంత వేలాడదీసింది. పాడేటప్పుడు ఊపిరి తీసుకునే చోటల్లా కడ్డీ దించి వెంటనే ఎత్తమంది. మూసిన చోటంటే నాకు ప్రాణం పోతుందని ఆమెకు తెలుసు. బొంత కింద నుంచి కొంగు చివర నా చేతికిచ్చింది.

"ఊపిరాడకుంటే లాగు పాపా. పాట ఏడున్నా ఆపేస్తా."

చీకటి, చెమట, పాత చెక్క వాసన, చెవి పక్కనే తీగల మోత. రెండో చరణం దాకా పళ్లు బిగబట్టాను. బయట లారీ ఆగి ఉందనీ, ఈ పాట పోతే అత్తకు ఇంకేమీ మిగలదనీ తెలుసు. అయినా భయం ఆగలేదు. లాగాను.

పాట అక్కడికక్కడే ఆగింది. బొంత తీసి, తలుపు తెరిచి, నాకు నీళ్లు తాగించింది అత్త. డ్రైవరు విసుక్కున్నాడు.

"అమ్మా, గేటు మూస్తే నేనేం గావాల?"

"పాప రాకుంటే పాట లేదు నాయనా. బండికెత్తుకోండి," అంది.

ఆ మాట అంటూ మెట్ల మీద ఒకసారి చెయ్యి తడిమింది. కానీ నన్ను మళ్లీ కూర్చోమని అడగలేదు.

నేనే పోయి కూర్చున్నాను. అదే చీకటి, అదే ఉక్క. కొంగు పిడికిట్లోనే ఉంది. లాగితే ఆగుతుందని తెలిశాక మాత్రం లాగాల్సిన పని పడలేదు. పాట పూర్తయింది. లారీ వెళ్లిపోయింది.

నా పిల్లల్ని హాస్టలుకు పంపినా, అత్తారింటికి పంపినా, ఉండలేకపోతే ఒక్క కబురు పెట్టండి, వచ్చేస్తానని చెప్పే పంపాను. అందరూ నన్ను మెతక మనిషన్నారు. అననీ.

ఈ మధ్య మా మనవడు ఆ క్యాసెట్టు విని, అదే మోతను కీబోర్డు మీద తేవాలని పట్టుబట్టాడు. స్వరాలన్నీ కుదిరాయి కానీ అవి నిలిచే తీరు కుదరలేదు. ఎక్కడ దించి ఎక్కడ ఎత్తాలో నాకే తెలుసని పెడలు నన్ను తొక్కమన్నాడు. రికార్డులో బయటి చప్పుడు పడకుండా ఫ్యాను ఆపి, తలుపు మూసి, కిటికీకి దుప్పట్లు కట్టాడు. ఇంత వయసొచ్చినా మూసిన చోటంటే నాకు ఆ భయం పోలేదు. వాడికేమీ చెప్పలేదు.

వాడే తన తువ్వాలు చివర నా చేతిలో పెట్టాడు.

"ఊపిరాడకుంటే లాగవ్వా. పాట ఏడున్నా ఆపేస్తా."

అత్త అన్న ఆ మాట క్యాసెట్టు మొదట్లోనే ఉంది. అది పాటలోది కాదుగా, చెరిపేద్దామని ఎంతమంది అన్నా నేను ఒప్పుకోలేదు.

పాట అయ్యేదాకా తువ్వాలు నా పిడికిట్లోనే ఉంది. లాగలేదు.