పది అంకెల వీరరాఘవులు

మీ ఫోన్ నంబరు చెప్పేటప్పుడు మధ్యలో ఊపిరి పీల్చుకుంటారా? అయితే వీరరాఘవులు గారి దృష్టిలో మీకసలు ఫోనే లేదు. తన అచ్చులో పట్టని అంకెను ఆయన జన్మలో ఒప్పుకోలేదు.

సూరత్ దగ్గర హజీరాలో ఒక కర్మాగారానికి కంప్యూటరు ప్రోగ్రాములు రాసే ఇంజనీరు ఆయన. తెరమీది పెట్టెలో ఎవరైనా నంబరు కొడితే, అది సరైన తీరులో ఉందో లేదో పట్టిచూసే రెగెక్స్ అనే సూత్రం రాసేవారు. టోపీ గుర్తుతో మొదలై డాలరు గుర్తుతో ముగిసే ఆ ఒక్క వరుస శాసించేది ఇంతే: మొదటి అంకె ఆరుకు తగ్గరాదు, మొత్తం పది ఉండాలి, నడుమ సందు ఉండరాదు. తప్పితే ఎర్ర అక్షరాల్లో ‘చెల్లదు’ అని వస్తుంది.

చిక్కేమిటంటే, ఆ సూత్రాన్ని ఆయన ఆఫీసులో వదిలి ఇంటికి వచ్చేవారు కాదు. భార్య కమలాదేవి రెండు మూడు ఇడ్లీలు పెట్టనా అని అడిగితే చెల్లదనేవారు. ఆవిడ ఒక్కటే పెట్టి ఊరుకునేది. ఐదారు నిమ్మకాయలు తీసుకోమన్న పాపానికి కూరగాయల బండివాడు, ఐదో ఆరో తేలేదాకా వీధి దాటలేకపోయాడు.

న్యాయశాస్త్రం చదివి, లాక్‌డౌన్ వల్ల ఈ బాబాయి ఇంట్లోనే చిక్కుకుపోయిన తేజశ్రీకి అప్పట్లో ఆ ‘చెల్లదు’ వింటే ఒళ్ళు మండేది. ఇప్పుడు సూరత్ పేరు వినబడితే చాలు, బయట బండి చప్పుడైనా లేని ఆ మధ్యాహ్నాలూ, వరండాలో కీబోర్డు టకటకా, వంటింట్లోంచి పిన్ని నవ్వూ ముందుగా గుర్తొస్తాయి.

ఆ మే నాటికి సూరత్‌లో మగ్గాలు ఆగిపోయి నెల దాటింది. లింబాయత్ పేట గదుల్లో ఉండిపోయిన తెలంగాణ మగ్గం కార్మికులను ఊళ్ళకు పంపడానికి తెలుగువారు కొందరు ఊరి శివారు కడోదరా నుంచి బస్సులు మాట్లాడారు. పేరు ఫోన్‌లో నమోదు చేసుకుంటే, ఏ బస్సో ఎప్పుడో మెసేజీ వస్తుంది. ఆ నమోదు పేజీ తయారుచేసింది వీరరాఘవులు గారు. ఒక నంబరు ఒక్కరికే అన్న నియమం కూడా దానికి తగిలించారు. ఇంకేం, లింబాయత్ యావత్తూ ఎర్రబడింది. ఒకరు ముందు సున్నా పెట్టారు. మరొకరు రెండు నంబర్లు రాసి మధ్యలో గీత గీశారు. సారక్క అనే ఆవిడ నంబరు పక్కన ‘పొద్దుగూకినంక చెయ్యుండ్రి’ అని కూడా చేర్చింది. ఏదీ చెల్లలేదు.

“సంతకం రానివాడి వేలిముద్రను చట్టమే ఒప్పుకుంటుంది బాబాయ్. మీకేమిటి అభ్యంతరం?” అని తేజశ్రీ నిలదీసింది.

“వేలిముద్రకు మెసేజీ వెళ్ళదమ్మా” అన్నారాయన, తెరమీంచి చూపు తిప్పకుండా.

బస్సు బయలుదేరే ముందురోజు ఆమె బియ్యం పంచడానికి లింబాయత్ వెళ్ళింది. అక్కడ లస్మయ్య అనే కార్మికుడికి మెసేజీ వచ్చింది. అదే గదిలో ఉండే నర్సింగానికి రాలేదు. ఊళ్ళో పుట్టిన కూతుర్ని అతనింకా చూడలేదు. పేరు నమోదైందా అని అడిగితే గర్వంగా తలూపాడు.

“రూమ్ మొత్తానికి ఫోన్ ఒక్కటే మేడం. లస్మయ్య బావ ముందుగాల ఏసిండు. నేను గదే నంబర్ ఏస్తే, ఇది ముందే ఉన్నదని ఎర్రగ చూపెట్టింది. ఆఖరి అంకె జర మార్చిన. మంచిగ తీసుకున్నది.”

తేజశ్రీకి ముందు నవ్వొచ్చింది, అతని మెసేజీ ఇంకెవరికో వెళ్ళిందని తర్వాత తట్టింది. తాడోపేడో తేల్చుకోవాలని ఇంటికి వచ్చేసరికి, బాబాయి ఫోన్‌లో ఎవరినో, మీరు నర్సింగమేనా అని హిందీలో బతిమాలుతున్నారు. అవతలి మనిషి గుజరాతీలో తిడుతున్నాడు.

“ఆ కతర్‌గామ్ పేట వజ్రాలాయన పొద్దుటినుంచీ తిడుతూనే ఉన్నాడు” అంది కమలాదేవి. “మెసేజీ వెళ్ళిన ప్రతి నంబరుకూ మీ బాబాయి ఫోన్ చేసి కనుక్కుంటున్నారే. ఒక్క అంకె తప్పితే మనిషి ఇక్కడే ఉండిపోతాడని ఆయన బెంగ. ఆ నర్సింగం దొరికితేగాని అన్నం తిననంటున్నారు.”

తెచ్చుకున్న వాదనంతా తేజశ్రీ పక్కనబెట్టింది. లింబాయత్ గదిలో విన్నది మెల్లగా చెప్పింది.

వీరరాఘవులు గారు ఫోన్ పక్కన పెట్టారు. “ఉన్నదున్నట్టు రాసినవాళ్ళను గెంటేసి, వజ్రాలాయన్ను బస్సెక్కించానన్నమాట” అని, లస్మయ్య ఫోన్‌కు చేసి నర్సింగానికి బస్సు వేళ తానే చెప్పారు. ఆ తర్వాత కంప్యూటరు తెరిచి, టోపీ నుంచి డాలరు దాకా ఆ వరుసంతా, ఒక నంబరు ఒక్కరికే అన్న నియమంతో సహా చెరిపేశారు. ఎవరు ఏ తీరున రాసినా అందులోంచి నంబరు ఏరుకునే పని ఇకపై తనదేనన్నారు. సొంత ఫోన్ లేనివాళ్ళ కోసం పెట్టె కింద తన నంబరు వేసి, ఎంతమందైనా సరే దాన్నే రాసుకోవచ్చని, కబురు తానే చేరవేస్తానని పెద్ద అక్షరాల్లో చేర్చారు.