ముందు ఎవరి చేను కట్ కావాలి

మా ఇంట్లో ఇంగ్లీషు చదువుకున్నవాణ్ని నేనొక్కణ్నే. అయినా కట్ అనే మాటను అందరికంటే తక్కువ వాడేది కూడా నేనే. పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదివి జహీరాబాద్‌లో ఒక ఫ్యాక్టరీలో, లేత్ మిషన్ల దగ్గర పనిచేస్తున్నాను. అక్కడ కట్‌కు ఒకటే అర్థం: టూల్ ఇనుములోకి ఎంత లోతు దిగాలి అన్నది. మొదట రఫ్ కట్, ఆఖరున ఫైనల్ కట్. డ్రాయింగ్‌లో ఎంత ఉంటే అంతే. మించితే ముక్క పనికిరాదు.

ఫ్యాక్టరీ గేటు దాటితే ఆ మాటకు హద్దు లేదు. హైవే మీద డివైడర్ మధ్య వదిలిన సందు కట్. ఝరాసంగం ఆటోవాళ్లు "కట్ కాడ దిగుతవా?" అని అడుగుతారు. బండిని అడ్డంగా దూరిస్తే కట్ కొట్టడం. సాయంత్రం తోపుడుబండి మీద కట్ మిర్చి, నాయన ఒంటి మీద కట్ బనీను. క్షవరమైతే కటింగ్. కరెంటు పోయినా, ఫోను మధ్యలో ఆగినా, జీతంలో ఒక రోజుది తగ్గినా కట్ అయిందనే అంటారు. ఇద్దరి మధ్య మాటలు నిలిచిపోతే "వాళ్లకు కట్ అయింది" అంటారు. తిరిగి కలిస్తే ఏమనాలో మాత్రం ఎవరూ ఇంగ్లీషులో చెప్పరు.

మా చిన్నాయనది ఇంకొక వాడకం. "పొద్దుగాల సంగారెడ్డి బస్సెక్కిన. కట్ జేస్తే ఠాణాల ఉన్న," అని మొదలుపెట్టేవాడు. మధ్యలో ఏం జరిగిందో మేమే అడుక్కోవాలి. నాకు బండి నేర్పింది ఆయనే. నన్ను పాలిటెక్నిక్‌లో చేర్చమని నాయనతో పోట్లాడిందీ ఆయనే. చిన్నప్పుడు నాకేదైనా కావాలంటే నాయన దగ్గరికి కాదు, ఆయన దగ్గరికే పోయేవాణ్ని.

చలికాలం వస్తే మా ఊళ్లో కటింగ్ అంటే చెరుకు నరకడమే. మా చేను, చిన్నాయన చేను పక్కపక్కనే. రోడ్డుకు ఆనుకుని ఉన్నది ఆయనది, దాని వెనక ఉన్నది మాది. మా చెరుకు రోడ్డెక్కాలంటే లారీ ఆయన చేనులోంచే రావాలి. ఏటా లారీ పట్టేంత వెడల్పున చెరుకు ముందుగా నరికి బాట ఇచ్చేవాడు.

ఆ ఏడు మా బావి అడుగంటుతోంది. చెరుకు త్వరగా నరికితే మిగిలిన నీళ్లతో మోళ్లను తడపవచ్చు. అవి చిగురిస్తే వచ్చే ఏటి పంట కొత్తగా నాటకుండానే నిలుస్తుంది. ఆలస్యమైతే నిలబడ్డ చెరుకు లోపల బెండుబారుతుంది, మోళ్లూ ఎండిపోతాయి. ఒకేసారి రెండేళ్ల పంట పోతుంది.

నరికేవాళ్లు ఎక్కడా దొరకలేదు. నేను సెలవు పెట్టి, చిన్నాయనను బండి వెనక ఎక్కించుకుని రాష్ట్ర సరిహద్దు అవతలి ఊళ్లన్నీ తిరిగాను. చివరికి ఒక ముఠా ఒప్పుకుంది. వాళ్ల మేస్త్రి మరాఠీ, కన్నడం, మన మాట కలిపి మాట్లాడేవాడు. తిరిగి వస్తూ కోహీర్ దగ్గర చాయ్ తాగడానికి ఆగినప్పుడు వరుస సంగతి చిన్నాయనే తీశాడు.

"ముందుగాల మీది కట్ గావాలె. మీ బాయిల నీళ్లు లెవ్వు. నాకు బోరుంది, నాకేం ఫికర్?"

"మరి లారీకి బాట?"

"ఏటా ఇస్తలేనా? నడుమల బాట కొట్టిస్త. నువ్వు ఫికర్ జేయకు బిడ్డా."

ముఠా దిగిన రోజు నాకు మొదటి షిఫ్టు. సాయంత్రం ఆటో దిగి నేరుగా చేను దగ్గరికి వెళ్లాను. కత్తుల చప్పుడు చిన్నాయన చేనులోంచి వస్తోంది. వాళ్లు నరుకుతున్నది బాట కాదు. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా వరుసగా నరుక్కుంటూ పోతున్నారు. మా చేనులో ఒక్క గడ కూడా కదలలేదు.

"చిన్నాయినా, గిదేంది? ముందు మాది అన్నవ్ గదా?"

"అన్న. ఎవరు గాదన్నరు? కని మీ చేన్లకు లారీ గాలిల ఎగిరి పోతదా? బాట గావాలె గదా."

"బాటంటే లారీ పట్టేంత. నువ్వు మొత్తం కొట్టిస్తున్నవ్."

"అరే, కత్తి పట్టినోళ్లను నడుమల ఆగుమంటే ఆగుతరా? ఓ ఇంజినీర్ సాబ్, గిది నీ మిషిన్ గాదు, మీట నొక్కంగనే ఆగనీకె!"

మేస్త్రి నవ్వాడు. ముఠాలో తెలుగు రాని ఆడవాళ్లు కూడా అతణ్ని చూసి నవ్వారు.

"మనం మాట్లాడుకున్నది గిట్ల గాదు," అన్నాను.

"నాతోని ఎందుకు? పొయ్యి మీ నాయిననడుగు. నిన్ననే సరే అన్నడు."

నాయన మా బావి దగ్గర మోటారు పక్కన కూర్చుని ఉన్నాడు. పైపులోంచి నీళ్లు ఆగి ఆగి వస్తున్నాయి.

"నువ్వు సరే అన్నవా?"

"ఆఁ."

"నాకెందుకు జెప్పలే?"

"జెప్తే లొల్లి జేస్తవని."

చిన్నాయన చేసిన పనికి నాకు కారణం దొరుకుతుంది: ఆయన చెరుకు ముందు పోతే ఆయనకు లాభం. నాయనకు ఏం లాభం? ఎండుతున్నది ఆయన బావే. నేను ఊళ్లన్నీ తిరిగి తెచ్చిన ముఠా పని వరుసను, నేను ఇంట్లో లేని పూట చూసి, నేను ఎక్కువగా నమ్మిన ఇద్దరూ కూర్చుని మార్చుకున్నారు. ఆ రాత్రి నాయన నా కంచంలో జొన్నరొట్టె వేస్తుంటే చెయ్యి అడ్డం పెట్టాను.

చిన్నాయన చేను అయిపోగానే మేస్త్రి కత్తులు మూటగట్టించాడు. రాయికోడ్ వైపు ఇంకో రైతుకు మాటిచ్చానన్నాడు. "మల్ల వస్తం మాలిక్, పక్కా," అన్నాడు. వచ్చాడు కూడా. కానీ ఎండలు ముదిరాక వచ్చాడు. అప్పటికి మా మోటారు గాలి తోడుతోంది. చెరుకుకు పూత వచ్చి, ఆకు పూర్తిగా ఎండింది. గడ విరిచి చూస్తే లోపల తెల్లగా దూదిలా ఉంది.

చిన్నాయన చేనులో మాత్రం బోరు నీళ్లకు మోళ్లన్నీ చిగురించాయి. చేను మొత్తం జానెడు పచ్చగా లేచింది. లారీ దిగాల్సిన చోట ముళ్లకంప అడ్డం పెట్టి ఉంది. ఆయన అక్కడే నిలబడి ఉన్నాడు.

"ఇప్పుడు లారీ పోతదా చిన్నాయినా?"

"ఎట్ల పోతది బిడ్డా? మొలకలొచ్చినయ్. మీదికెళ్లి లారీ పోతే మల్ల లేస్తయా? జర నువ్వే జెప్పు."

"బాట కోసమే గదా ముందు నీది కొట్టిచ్చినవ్?"

"అప్పుడు చెరుకుండె. ఇప్పుడు మొలకుంది."

ఆయన నవ్వలేదు. ఆయన మాటల్లో తప్పెక్కడుందో వెతికాను. ఒక్కో మాట విడిగా చూస్తే నిజమే. చెరుకు ఉన్నప్పుడు లారీ పోదు. మొలక ఉన్నప్పుడూ పోదు. ఈ రెండిటి మధ్య, నేల ఖాళీగా ఉన్న రోజుల్లో, ముఠా లేదు.

ముఠా చెరుకు నరికి పెట్టింది కానీ గట్టు మీదుగా రోడ్డు దాకా మోయడం తమ పని కాదంది. నాయన, నేను తలకు తువ్వాళ్లు చుట్టుకుని మోపులు ఎత్తుకున్నాం. గట్టు సన్నం, ఒకరి వెనక ఒకరు నడవాలి. నాయన ముందు, నేను వెనక. మోపులు బరువు లేవు. అదే ఎక్కువ బాధగా ఉంది.

"నీ తమ్ముడు చేసింది చూసినవా?" అన్నాను వెనక నుంచి. "ఒక్క లారీకి బాట ఇయ్యలే."

నాయన తల మీది మోపును సర్దుకున్నాడు.

"మొలకల మీదికెళ్లి లారీ వద్దని నేనే జెప్పిన," అన్నాడు. "వాడు అడగకముందే. మనది ఎట్లనో పోయింది, వానిదన్న బతకాలె."

నేను ఆగిపోయాను. తల మీది మోపును గట్టు మీద పడేశాను. ఆ చప్పుడుకు కూడా నాయన వెనక్కి తిరగలేదు, నడక తగ్గించలేదు. ఆయన రోడ్డు చేరేసరికి అక్కడ ఆగి ఉన్న లారీ మీదికి చిన్నాయన ఎక్కి వంగి ఉన్నాడు. రెండు చేతులూ చాపి నాయన తల మీది మోపును అందుకున్నాడు.