చైనా వీధిలో తొమ్మిదో కప్పు

ఆ రోజుల్లో నాకు రోషం ఎక్కువ, బుద్ధి తక్కువ. (ఇప్పుడు రెండోది కాస్త పెరిగిందంటే మా ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు, అది వేరే సంగతి.) రాయచోటి నుంచి కువైట్ వచ్చి రెండేళ్లయింది, ఒక కువైటీ ఇంట్లో పని. ఫహాహీల్ దగ్గర సముద్రపొడ్డున చిన్న చైనా వీధి ఒకటి వెలిసింది. ఎర్ర ద్వారం, రెండు రాతి సింహాలు, కాగితపు లాంతర్లు, చేపల మడుగు మీద వంపు వంతెన, చివర ఒక టీ కొట్టు. మా మామా (అంటే ఇంటి యజమానురాలు, పనిచేసేవాళ్లమంతా అలాగే పిలుస్తాం) పిల్లల్ని తీసుకుని అక్కడికి వెళ్లేది. వాళ్లు టీ కొట్టులో కూర్చుంటే, నేను పసివాడి తోపుడుబండి పట్టుకుని సింహం పక్కన నిలబడేదాన్ని. మూడుసార్లు చైనాకు వెళ్లి నేను చూసింది ఆ సింహం వీపొక్కటే. మామా చెడ్డది కాదు, నన్నూ కూర్చోమనాలని ఆమెకు తోచలేదు, అంతే. నాకు మాత్రం ఒళ్లు మండేది. ఒక్కసారైనా ఆ కుర్చీలో కూర్చుని, ఇంకొకరు పోస్తుంటే తాగి తీరాలని పంతం పట్టాను.

సెలవు దొరికిన ఒక శుక్రవారం, వేరే ఇంట్లో పనిచేసే మా చిన్నమ్మను బయల్దేరదీశాను. "టీ కోసరం అంత దూరం యాల మే? నేను కాసిస్తా గదా" అంది. "కాసుకునేదానికి గాదు చిన్నమ్మా, పోయించుకునేదానికి పోతాండాం" అన్నాను. పండక్కని దాచుకున్న పట్టుచీర కట్టాను. ద్వారం దగ్గర కాపలాదారు నన్ను ఎగాదిగా చూసి, నా వెనక చిన్నమ్మ తప్ప ఎవరూ లేరని గమనించి, "మామా వేన్?" (మీ యజమానురాలేది?) అన్నాడు. "అనా మామా" అన్నాను, ఆ యజమానురాలిని నేనేనని. అతను నవ్వు ఆపుకుంటూ పక్కకు జరిగాడు. నేను మెడ వంచకుండా లోపలికి నడిచాను.

దర్జాగా కూర్చున్నాం. ఒక చైనా అమ్మాయి చిన్న కూజాతో వచ్చి, తీర్థం పట్టేంత కప్పుల్లో టీ పోసింది. పాలు లేవు, చక్కెర లేదు. "ఇది టీనా మే, ఆకులు కడిగిన నీళ్లా?" అంటూ చిన్నమ్మ ఒక్క గుక్కకే కప్పు పక్కన పెట్టేసింది, ఆ అమ్మాయి దాన్ని మర్యాదగా మళ్లీ నిండుగా చేసి వెళ్లింది. నేను మాత్రం గడగడా తాగేశాను. పోసింది మిగిలిస్తే పోసినవాళ్లను అవమానించినట్టేనని మా అమ్మ పెంచిన పెంపకం. కప్పు ఖాళీ కాగానే ఆ అమ్మాయి నింపింది. తాగాను. మళ్లీ నింపింది. అయిదో కప్పుకు ఒక ఉపాయం తట్టింది. కువైటీ ఇళ్లలో అతిథులకు గహ్వా (అరబ్బుల కాఫీ) పోసేటప్పుడు, ఇక చాలనుకుంటే వాళ్లు కప్పును అటూ ఇటూ ఊపుతారు, మేం ఆగిపోతాం. నేనూ అలాగే ఊపాను. ఆ అమ్మాయి కప్పులోకి తొంగిచూసి, అడుగున ఆకు అంటుకుందనుకుందో ఏమో, వేడినీళ్లతో కడిగి తెచ్చి మరీ నింపింది.

ఎనిమిదో కప్పుకు చిన్నమ్మ ఓపిక అయిపోయింది. "చాలిస్తావా లేదా? కడుపు పగిలి సస్తావు."

"పోసినేది వదిలిపెట్టేది యాడన్నా ఉండాదా చిన్నమ్మా?"

"నా కప్పు సూడు. నిండుగా ఉండాది. ఎవురన్నా దీని జోలికొచ్చినారా? నిండా పెట్టి వదిలేస్తే ఖలాస్!"

నిజమే. మామా ఇంట్లో అతిథులు లేచాక సగం సగం మిగిలిన గ్లాసులు ఎత్తి పారబోసేది నేనే కదా! కూర్చున్నవాళ్లు మిగులుస్తారు, నిలబడ్డవాళ్లు పారబోస్తారు. సరే, ఈ రోజు నేను కూర్చున్నదాన్ని, నేనూ మిగులుస్తా! తొమ్మిదో కప్పును నిండుగా అక్కడే వదిలి, డబ్బు కట్టి లేచాను.

వంతెన మీదికి వచ్చి వెనక్కి చూస్తే, ఆ అమ్మాయి, నా ఈడుదే, నా కప్పును పారబోయడానికి ఎత్తుతోంది. కుచ్చిళ్లు పట్టుకుని పరుగున వెళ్లి, ఆమె చేతిలోంచి కప్పు లాక్కుని నిలబడే తాగేశాను. ఆమె కూజా అందుకునేలోపు ఉడాయించాను. "నీకేమన్నా పిచ్చా?" అంది చిన్నమ్మ. "ఉంటే ఉండనీలే" అన్నాను రొప్పుతూ.

ఇప్పుడు తలుచుకుంటే ఆ పట్టుచీర పిల్ల మీద నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. ఆ తర్వాత చాలా చోట్ల కూర్చున్నాను, చాలామంది చేత పోయించుకున్నాను. మిగల్చడం మాత్రం ఇప్పటికీ చేతకాలేదు. చేతకాకపోతే పోనీ, నేర్చుకోను.