నిమ్‌పురా యార్డులో ఆలస్యంగా వెలిగిన పచ్చదీపం

ఖరగ్‌పూర్ వెళ్ళేవాళ్ళు చాలామంది అక్కడి పొడవాటి ప్లాట్‌ఫారం గురించి రాస్తారు. నేను దానిమీద నడిచాను గానీ చూడలేదు, ఎందుకంటే నా దృష్టంతా చంకలో ఉన్న అట్టపెట్టె మీదే ఉంది. తొంభైల చివర్లో విశాఖలోని ఓ చిన్న వర్క్‌షాపులో పనిచేసేవాణ్ణి. తీగ లేకుండా మాట పంపే పెట్టెల జత ఒకటి తయారుచేశాను. ఒకదానికి పచ్చ, ఎర్ర బటన్లు, రెండోదానికి అవే రంగుల దీపాలు. పెన్సిల్ సెల్సుతోనే నెలరోజులు నడవాలని, దీపాల పెట్టె కాసేపు నిద్రపోయి, ఓ క్షణం మేలుకుని విని, మళ్ళీ నిద్రపోయేలా పెట్టాను. ఆ నిద్రలో మాట పోకుండా, అవతల అందేదాకా బటన్ల పెట్టె మళ్ళీ మళ్ళీ పంపుతూనే ఉంటుంది. ముందు మాట చేరాకే తర్వాతి మాట కదులుతుంది, రేషన్ షాపు దగ్గర లైనులాగా. భీమిలి ఇసుకలో వారం రోజులు పరీక్షిస్తే ఒక్క మాట కూడా పోలేదు. దాంతో నాకు కళ్ళు నెత్తికెక్కాయి.

ఖరగ్‌పూర్ పక్కనే ఉన్న నిమ్‌పురా గూడ్సు యార్డులో ఓ పూట చూపించమని పిలుపు రాగానే సాయంత్రం మెయిల్ ఎక్కాను. స్లీపర్ టికెట్ అప్పట్లో రెండొందల లోపే, ఇప్పటి ధరలు మీరే కనుక్కోండి. పొద్దున ఏడింటికి దిగి, పూరీ, ఆలూ కూర తిని, సైకిల్ రిక్షా మాట్లాడుకున్నాను. పది రూపాయలన్నాడు. "యార్డ్ గేట్ తక్ హీ జాయేంగే దాదా, అందర్ నహీ" అని, గేటు దాటి లోపలికి రానని ముందే చెప్పేశాడు. క్వార్టర్ల మధ్యనుంచి అరగంట ప్రయాణం. తోవలో రెండు మూడు గుమ్మాల ముందు తెలుగు వినబడేసరికి మావాళ్ళ వీధిలోకి వచ్చినట్టే అనిపించింది.

గేటు దగ్గర షంటింగ్ జమాదార్ అప్పలస్వామి గారు ఎదురొచ్చారు. టెక్కలి వైపు మనిషి, తండ్రి కాలం నుంచి రైల్వేలోనే ఉన్నారు. వ్యాగన్ల వరస చివర నిలబడి, ఇంజను ఎప్పుడు నెట్టాలో, ఎప్పుడు ఆగాలో జెండాతో చెప్పడం ఆయన పని. రిటైర్మెంటుకు ఆరు నెలలుంది, అప్పటిదాకా సర్వీసులో ఒక్క మచ్చ లేదు. ఆ సంగతి మొదటి అయిదు నిమిషాల్లోనే ఆయనే చెప్పారు.

"ఇశాపట్నం బాబు మీరేనా? మజ్జాన్నం మా ఇంటికాడే తినాల, మా ఇంటిదానికి సెప్పీసినాను," అన్నారు. పెట్టెను అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది ఈల ఏస్తాదా బాబూ?" అని అడిగారు.

"ఈలెందుకు బాబాయ్?"

"నాను జెండా ఊపితే మజ్జిలో ఉన్నోడు సూసి ఊపుతాడు. అది సూసి డ్రైవర్ దాదా ఈల ఏస్తాడు. ఈల ఇనబడితేనే మాట సేరినట్టు. ఇనబడనేదా, ఆ మాట రద్దు. మల్లీ మొదట్నించి."

నేను నవ్వాను. "ఇందులో రద్దు ఉండదు బాబాయ్. పంపిన మాట పంపినట్టే చేరుతుంది." అక్కడితో ఆగినా బాగుండేది. పరీక్ష పక్కాగా ఉండాలని, మధ్యలో నిలబడే మనిషిని ఆ పూటకి టీ కొట్టు దగ్గర కూర్చోబెట్టించాను. జెండాలు కూడా పక్కన పెట్టెయ్యమన్నాను. అప్పలస్వామి గారు పచ్చజెండా ఇచ్చేశారు గానీ, ఎర్రది మడిచి నడుముకు దోపుకున్నారు.

పదిన్నరకి మొదలైంది. దీపాల పెట్టె ఇంజనులో డ్రైవర్ ముందుంది. "ఠీక్ హై, లైట్ దేఖ్‌కే చలేంగే," అన్నాడాయన, దీపం చూసే నడుపుతానని. వంపులో పాతిక ఇనప వ్యాగన్లు, ఆ చివర అప్పలస్వామి గారు, పక్కన నేను. ఆయన పచ్చ నొక్కారు. మాట చేరితే మా పెట్టె మీద చిన్న దీపం వెలగాలి, అది వెలగలేదు. అంత ఇనుము అడ్డం ఉంటే ఏమవుతుందో ఇసుకలో నాకెలా తెలుస్తుంది? నిమిషం గడిచింది. ఏదీ కదలకపోవడం చూసి, ఓ ఫిట్టరు వ్యాగన్ల మధ్యలోకి వంగి గొలుసు సరిచెయ్యబోయాడు. అప్పలస్వామి గారు వెంటనే ఎర్ర నొక్కారు. ఆ ఎర్ర మాట, ఇంకా చేరని పచ్చ మాట వెనకాల లైనులో నిలబడింది. అప్పుడు చేరింది పచ్చ.

ఇంజను నెట్టింది. అప్పలస్వామి గారు పెట్టె పడేసి, ఎర్రజెండా లాగి, డ్రైవరుకు కనబడేలా పక్క పట్టాలకు అడ్డంపడి పరుగెత్తారు. ఫిట్టరు బయటికి దూకాడు. అతని సుత్తి, వ్యాగన్లు ఒకదానికొకటి ఆనే రెండు బఫర్ల మధ్య పడి పిడి నుజ్జయింది. బండి ఆగాక ఇంజనులో ఎర్రదీపం వెలిగిందట. అది విన్న క్షణమే నాకు అంతా అర్థమైపోయింది.

యార్డు అధికారి వచ్చి నన్నే అడిగారు: "తప్పు పెట్టెదా, మనిషిదా?"

పెట్టెలో పంపినవి, చేరినవి లెక్క ఉంటుంది గానీ ఎప్పుడు నొక్కారో ఉండదు. ఆ లెక్క తీసి చూపించి, "పంపిన ప్రతి మాటా, పంపిన వరసలోనే చేరింది సార్," అన్నాను. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. రైల్వే వాళ్ళిచ్చే ఆర్డరు పోతుందన్న భయం కొంత ఉంది. నేను పొరబడ్డానని అంతమంది ముందు ఒప్పుకోవడానికి నోరు రాకపోవడమే అసలు సంగతి. "అయితే అప్పలస్వామీ, ఫిట్టరు మధ్యలోకి దిగాక నువ్వు పచ్చ నొక్కావు, కంగారుపడి తర్వాత ఎర్ర నొక్కావు," అని అధికారి అప్పలస్వామి గారి పేరు కాగితం మీద రాసుకున్నారు. అప్పలస్వామి గారు నావైపు చూశారు. నేను పెట్టె మూత బిగిస్తున్నట్టు నటించాను.

భోజనానికి రానని అనలేకపోయాను. పన్నెండున్నరకి వాళ్ళ క్వార్టర్లో ఆయన భార్య పార్వతమ్మ గారు పప్పు, బెండకాయ పులుసు, పక్కింటి దీదీ పంపిన గసగసాల కూర వడ్డించారు. ఆయన ముద్ద కలుపుతూ కలుపుతూ ఆగిపోయారు.

"ఆడు దిగకముందే పచ్చ నొక్కినానని నాకు గెట్టిగా గుర్తు బాబూ. కానీ పెట్టి అబద్దం సెప్పదు గదా. పెద్దోణ్ణైపోనాను. సెయ్యి తడబడినాదేమో."

"సేసినోడికే తప్పులొస్తాయి, తిను," అన్నారు పార్వతమ్మ గారు. నాకు ఇంకో గరిటె పులుసు పోశారు. నేను తిన్నాను. సిగ్గు లేకుండా మజ్జిగ కూడా తాగాను. అప్పటికైనా చెప్పొచ్చు, చెప్పలేదు. ఆయన స్టేషను దాకా వచ్చి, నా సంచి కిటికీ పక్కన పెట్టి మరీ వెళ్ళారు.

తర్వాత ఎర్ర మాట అన్నిటికంటే ముందు వెళ్ళేలా, వేళ దాటిన మాట రద్దయిపోయేలా ఆ పెట్టెను మార్చాను. ఆ రద్దు పద్ధతి ఆయన ఆ రోజు పొద్దునే చెప్పిందే. మూడు వారాలకు ధైర్యం తెచ్చుకుని, తప్పు నాదని అధికారికి, అప్పలస్వామి గారికి ఉత్తరాలు రాశాను. అప్పటికే ఆయన తప్పు ఒప్పుకుంటూ సంతకం పెట్టి, చెయ్యి మీద నమ్మకం పోయిందని తనే అడిగి స్టోర్ గదికి మారిపోయారని అధికారి జవాబిచ్చారు. అప్పలస్వామి గారి నుంచి కార్డు వచ్చింది. "బాబూ, మీ ఉత్తరం అందింది. నా మనసు కష్టపడతాదని తప్పు మీమీద ఏసుకున్నారు. మీది సానా మంచి మనసు." పాతికేళ్ళు దాటినా ఆ కార్డు ఎవరికీ చూపించలేకపోయాను. నన్ను తిట్టినా ఇంత సిగ్గుపడి ఉండేవాణ్ణి కాదు.

మీరూ ఏదైనా పట్టుకుని నిమ్‌పురా వెళుతుంటే ఒకటి గుర్తుంచుకోండి. తప్పు మీదైతే యార్డులోనే, అందరూ నిలబడి ఉండగానే చెప్పెయ్యండి. మనవైపు వచ్చే బండికి సాయంత్రం దాకా టైముంటుంది.