ప్రధానపు ఉంగరం ఎవరిది?

డెబ్బయ్యో దశకం మధ్యలో నేను విజయవాడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటర్‌గా పనిచేసేదాన్ని. ఊరినుంచి ఊరికి చేసే ట్రంకు కాల్స్ కలపడం నా పని. గుణదలలో మా ఇల్లు. నాన్న ఒక ఆసుపత్రిలో కాంపౌండరు. అమ్మ నా చిన్నప్పుడే పోవడంతో, మేనత్త మా ఇంట్లోనే ఉండిపోయి నన్ను పెంచింది.

మేం క్రైస్తవులం. మాలో పెళ్ళికి ముందు ప్రధానం చేస్తారు. సంఘం ఎదుట పెళ్ళికొడుకు పెళ్ళికూతురి వేలికి ఉంగరం తొడుగుతాడు. గుడివాడలో హైస్కూలు మాస్టారుగా చేసే అబ్బాయితో నాకు ప్రధానం అయింది. ఆ ఉంగరం వాళ్ళ అమ్మగారిది. అంతకుముందు ఆవిడ తల్లిదట. ఆ రోజు గుళ్ళోనే ఆవిడ తన వేలినుంచి తీసి కొడుకు చేతికిచ్చింది. నాకు వదులైతే మా మేనత్త దానికి వెనకవైపు తెల్లదారం చుట్టింది.

మూడు నెలలు బాగానే గడిచాయి. ఒకనాడు అతను మా ఇంటికి వచ్చి, కాఫీ తాగి, మామూలు విషయం చెప్పినట్టు చెప్పాడు.

“పెళ్ళయ్యాక ఉద్యోగం మానెయ్యాలండి. షిఫ్టులూ అవీ మా ఇంట్లో కుదరవు.”

“మొదట్లో ఈ మాట అనలేదు కదండీ?”

“అనాల్సిన పని ఉందనుకోలేదండి.”

కోపంగా అనలేదు. నిజంగానే అతనికి ఆ ఆలోచన రాలేదు. వారం గడువు అడిగాను. ఆ వారమంతా బోర్డు ముందు కూర్చుని, హెడ్‌ఫోన్ పెట్టుకుని, ఇంకెన్ని రోజులుంటానో ఇక్కడ అని లెక్క పెట్టుకుంటూనే ఉన్నాను. పెళ్ళి దగ్గర పడుతోందన్న సంతోషం ఒక్కపూట కూడా కలగలేదు. వారం చివర, ఈ పెళ్ళి వద్దని అతనికి ఉత్తరం రాసి నాన్నకి చూపించాను.

నాన్న చదివి, మడిచి, “బాగా ఆలోచించావా?” అన్నాడు.

“నాలుగుసార్లు చింపి రాశాను నాన్నా.”

“అయితే స్టాంపు అంటించు.”

రెండు వారాల తర్వాత ఆదివారం ఆరాధన అయ్యాక, మా పాస్టరు అయ్యగారి వరండాలో పెద్దలు కూర్చున్నారు. అబ్బాయి రాలేదు. తండ్రి, తల్లి వచ్చారు. తండ్రిగారు తాలూకా ఆఫీసులో గుమాస్తా, మాట పట్టింపు మనిషి. నేను ఏం చెప్పాలో మనసులో వల్లెవేసుకుంటూ ఉన్నాను. నన్ను అడగకముందే ఆయన గొంతు సవరించుకున్నారు.

“అయ్యగారూ, ఈ సంబంధం మాకు ఇష్టం లేదండి. మేమే వద్దనుకుంటున్నాం.”

నేను తలెత్తి చూశాను. ఒక ఆడపిల్ల తన కొడుకుని కాదందని నలుగురిలో అనిపించుకోవడం ఆయనకి ఇష్టం లేదు. అంతే. నాకు పోయేదేముంది? నోరు మూసుకున్నాను.

“సరే, ఎవరికీ బాధ లేకుండా పోయింది” అన్నారు అయ్యగారు.

“మరి ఉంగరం ఇప్పిస్తే బయల్దేరతాం” అన్నారాయన.

అప్పుడు లేచింది మా అత్త. “ఆగండాగండి. పిల్ల కాదంటే ఉంగరం తిరిగివ్వాలి. పిల్లాడివైపు వాళ్ళు కాదంటే ఉంగరం పిల్లదే. మన సంఘంలో పద్ధతి ఇదే కదండీ అయ్యగారూ?”

“పద్ధతి అదేనమ్మా.”

“మరి వీళ్ళే కదా ఇప్పుడు వద్దన్నది? లేదూ, మా పిల్లే వద్దందంటారా, ఆ ముక్క చెప్పండి. ఇక్కడే తీసి ఇస్తుంది.”

అబ్బాయి తండ్రి ముఖం ఎర్రబడింది. నా ఉత్తరం ఆయన జేబులోనే ఉందేమో. ఒక్క మాట అంటే చాలు, ఉంగరం వచ్చేస్తుంది. ఆ మాట ఆయన నోట రాలేదు.

“ఉంచుకోమనండి. మాకు ఉంగరాలు లేక కాదు” అని కండువా దులిపి లేచారు.

గుండెల మీద బరువు ఒక్కసారిగా దిగిపోయి నాకు నవ్వొచ్చింది. కొంగు అడ్డం పెట్టుకుని తలొంచుకున్నాను. ఏడుస్తున్నాననుకుని పాస్టరమ్మగారు మంచినీళ్ళు తెచ్చిచ్చారు. తాగి తలెత్తేసరికి, స్తంభం పక్కన నిలబడ్డ అబ్బాయి తల్లి కనిపించింది. ఆవిడ నా ముఖం చూడటం లేదు. నా వేలికేసి చూస్తోంది.

అత్త ఆ వారమంతా వాడలో అందరికీ ఈ కథ చెప్పింది. నేను ఉంగరం తీసి పౌడరు డబ్బాలో వేశాను. కానీ అబ్బాయి తల్లి చూపు మర్చిపోలేకపోయాను. మళ్ళీ సెలవు దొరికిన రోజు, అది బుధవారం, నాన్నకి మాత్రం చెప్పి గుడివాడ బస్సు ఎక్కాను. ఆ వేళప్పుడు తండ్రి ఆఫీసులో, కొడుకు బడిలో ఉంటారు.

ఆవిడ వాకిట్లో బియ్యం ఏరుతోంది. ‘అత్తయ్యగారూ’ అనబోయి ఆగి, “అమ్మగారూ” అన్నాను. కంగారుగా లేచి నన్ను లోపలికి తీసుకెళ్ళింది. ఉంగరం ఆవిడ అరచేతిలో పెట్టాను.

“వద్దనడానికి కూడా నోరు రావట్లేదమ్మాయ్. మా అమ్మది” అంది. గోటితో దారం విప్పింది. విప్పుతూనే అడిగింది. “మావాడు ఉత్తరం చూపించాడులే. వాడిలో ఏం లోపం కనపడింది తల్లీ?”

“లోపమేం లేదండి. ఆయనకి నేను ఇంట్లో ఉండాలి. నాకు ఉద్యోగం ఉండాలి.”

ఆవిడ తలూపింది. “ముందే చెప్పావు. పెళ్ళయ్యాక చెప్పుంటే ఇద్దరికీ నరకం” అంటూ ఉంగరం వేలికి తొడుక్కుంది.

నాకు భయమేసింది. “వారు చూస్తే ఏమంటారో!”

“ఆయన నా చేతికేసి చూసి ఎన్నేళ్ళయిందో. చూడర్లే.”

ఇద్దరం నవ్వాం. అన్నం తినకుండా కదలనివ్వలేదు. కొరమీను పులుసు, వేడన్నం. ఆ నెల రోజుల్లో నేను అంత ఆకలిగా తిన్నది ఆ పూటే. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఒళ్ళెరగకుండా నిద్రపోతే, బెజవాడ వచ్చిందని కండక్టరు లేపాడు.

మరుసటి ఏడాది అతనికి పెళ్ళయింది. ఆ తర్వాత మూడేళ్ళకి నాకూ అయింది, నా షిఫ్టుల సంగతి ముందే మాట్లాడుకున్న మనిషితో. రిటైరయ్యేదాకా ఉద్యోగం చేశాను.

ఉంగరం ఇచ్చేసిన సంగతి మా మేనత్తకి చెప్పే ధైర్యం మాత్రం నాకూ లేకపోయింది, నాన్నకీ లేకపోయింది. నేను గుడివాడ వెళ్ళొచ్చిన ఆరు నెలలకి, ఒక పెళ్ళికి వెళ్ళేముందు నాకు జడ అల్లుతూ అత్తే, “ఆ ఉంగరం పెట్టుకోవేమే?” అంది. ఇక దాచలేక జరిగింది చెప్పాను. జడ అల్లుతున్న చెయ్యి కాసేపు ఆగింది. తిడుతుందని కళ్ళు మూసుకున్నాను.

“పోన్లే, పంచాయితీలో గెలిచాం కదా” అని మళ్ళీ అల్లడం మొదలుపెట్టింది.